పావు అంటే పావు కాదు

బాలామణి చూస్తుండగా బాపిరాజు చేసిన ఆఖరి పని, గిన్నె అడుగున మిగిలిన మజ్జిగను రెండు గ్లాసుల్లోకి సమంగా వంచడం. వంచి, చిటికెడు ఉప్పు వేసి, ఒక గ్లాసు ఆమె వైపు జరిపాడు.

"ఒప్పేసుకున్నానే బాలా," అన్నాడు.

"ఏం ఒప్పుకున్నారు?"

"పావు అంటే పావు కాదట. దొరసానిదే గెలుపు."

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ ఇంట్లో అది చిన్న కబురు కాదు. "మరేంటట?"

"అయిపోయిందని అర్థమట. పని పూర్తయిందని."

"ఖలాసా?"

"ఆఁ, ఖలాసే. మన జిలానీ నోట్లో ఎప్పుడూ ఆడే మాటే. ఉత్తరం సంగతి తేలిపోగానే దివాన్‌గారు పక్కన పావు అని కొట్టి మూసేసేవాడు. నేనేమో పాపం ఏ పనీ పావు వంతు దాటలేదనుకుని ఆయన మీద జాలిపడి చచ్చాను."

"అంటే నేను చెప్పిన వ్యుత్పత్తి అంతా..."

"గోదాట్లో కలిసిపోయింది." ఆయన నవ్వి, మజ్జిగ తాగి, మూతి తుడుచుకున్నాడు. "ఇంకో చిక్కుంది. ఆ ఉత్తరాలు నెలాఖరుకి అచ్చుకి వెళ్తాయట. మనం రాసిన నోట్సులు కూడా మన పేర్లతోనే వేసేస్తారట. పావు అంటే నాలుగో వంతు అని బల్లగుద్ది రాసినవి నావి ముప్పయ్యో నలభయ్యో ఉంటాయి. ఈలోగా ఒక్కోటీ తీసెయ్యాలి. లేకపోతే నలుగురూ నవ్విపోతారు."

"తీసేద్దురుగాని లెండి. కంచం ఎండిపోతోంది."

మర్నాడు ఆమె లేచేసరికి కంపెనీ బస్సు వెళ్లిపోయింది. ధహ్రాన్ ఆఫీసులో, డ్రాయింగులు ఉంచే గదిలో, కుర్చీలో కూర్చున్న బాపిరాజు కూర్చున్నట్టే పోయాడు. గుండె అన్నారు.

ఆ తర్వాత సౌదీలో, ఖోబార్‌లోని ఆ రెండు గదుల ఫ్లాటులో బాలామణికి చేయడానికి పనంటూ లేకుండా పోయింది. శరీరం ఆసుపత్రిలో ఉంది. దాన్ని ఇంటికి పంపడానికి ఎన్ని సంతకాలు కావాలో అన్నిటి వెనకా జిలానీ తిరుగుతున్నాడు. జిలానీది ప్రొద్దుటూరు. కంపెనీ తరఫున గవర్నమెంటు ఆఫీసులకు కాగితాలు మోసే మందూబ్ దగ్గర సహాయకుడు. బాపిరాజుతో పదిహేనేళ్ల స్నేహం. అతని భార్య ఇష్రత్ పూటపూటకీ అన్నం పంపేది. వచ్చినవాళ్లు కూర్చుని, గోడ గడియారం చూసుకుని, లేచి వెళ్లేవాళ్లు. పుణెలో చదువుకుంటున్న కూతురు భవిత ఫోన్ చేసి ఏడ్చేది. బాలామణి అందరికీ తల ఊపేది. తల లోపల మాత్రం ఒకటే తిరుగుతుండేది: నెలాఖరు వస్తోంది, ఆ నోట్సులు అలాగే ఉన్నాయి.

బాపిరాజు ఆ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్. ఇంజనీర్లు గీసిన డ్రాయింగులకు నంబర్లు వేయడం, పాతవాటి మీద రద్దు ముద్ర కొట్టడం, కొత్తవాటికి పైన ఒక ఉత్తరం తగిలించి పంపించడం ఆయన పని. భీమవరంలో బీకాం చదివి వచ్చినవాడు ఉద్యోగమంతా అందులోనే గడిపాడు. కొన్ని వేల ఉత్తరాలు రాశాడు. వాటిలో సొంత మాట ఒక్కటీ లేదు. 'జతచేసినవి చూడగలరు' అనేది ఒకటి, 'అందినట్టు తెలియజేయగలరు' అనేది ఇంకొకటి. అందుకే కాబోలు, ఒంటరిగా ఉన్న రోజుల్లో ఇంటర్నెట్‌లో ఆ హవాయి ఉద్యోగి కనపడగానే మేనమామ దొరికినట్టు పట్టేసుకున్నాడు.

హవాయి దీవులకు రాజులుండే కాలం నాటి ఉద్యోగి అతను. రాజుగారి కొలువులో ఛాంబర్లేన్. రాజు తరఫున ఉత్తరాలు రాయడం, విందుకు రావలసినవాళ్లను పిలవడం, రాకూడనివాళ్లకు నొప్పి తెలియకుండా చెప్పడం అతని కొలువు. అతను పంపిన ప్రతి ఉత్తరానికీ ఉల్లిపొర కాగితం మీద నకలు తీసి దాచారు. వంద దాటి ఎన్నో ఏళ్లు గడిచాక అక్కడి పాత కాగితాల భాండాగారం వాళ్లు వాటి ఫొటోలు వెబ్‌సైట్‌లో పెట్టి, ఓపికున్నవాళ్లు ఎవరైనా చదివి టైపు చేసిపెట్టండి బాబూ అని అడిగారు. ఓపిక బాపిరాజు దగ్గర బస్తాలకొద్దీ ఉంది. సిరా అలుక్కుపోయి, వెనక పేజీ అక్షరాలు ముందుకు తేలి, చీమలబారు వర్షంలో తడిసినట్టుండే ఆ రాతను పట్టుకుని సాయంత్రాలు కూర్చునేవాడు.

ఛాంబర్లేన్ అన్న మాట ఆయన నోటికి పట్టలేదు. దివాన్‌గారు అని పేరు పెట్టేశాడు.

దివాన్‌గారి ఉత్తరాల్లో పెద్ద రాజకీయాలేమీ ఉండేవి కావు. ఎవరో కాన్సల్‌గారి భార్య పేరు ఆహ్వానంలో తప్పు పడినందుకు క్షమాపణ. బ్యాండువాళ్ల కోట్లకు బొత్తాలు ఎప్పుడొస్తాయని వాకబు. విందులో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టారేమని అలిగిన పెద్దమనిషికి, కిటికీ పక్కనుంచి సముద్రం బాగా కనిపిస్తుందని సముదాయింపు. అన్నీ 'రాజుగారి ఆజ్ఞ మేరకు' అనే మొదలయ్యేవి. "చూశావా, పాపం ఎక్కడా 'నాకు అనిపిస్తోంది' అని రాయలేదు," అనేవాడు బాపిరాజు. "మన డిపార్టుమెంటే."

మూడేళ్ల కిందట బాలామణి ఖోబార్‌కు వచ్చినప్పుడు ఇవేవీ ఆమె చెవికెక్కలేదు. ఆమె తణుకులో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు లెక్చరర్. మార్కులు ఎక్కువ వస్తాయని ఇంటర్ పిల్లలంతా రెండో భాషగా సంస్కృతం తీసుకోవడం మొదలుపెట్టాక ఏడాదికేడాదికీ తెలుగు క్లాసు పలచబడింది. చివరికి యాజమాన్యం తెలుగును ఎత్తేసింది. లైబ్రరీ చూసుకోండి మేడమ్ అన్నారు. ఆమె రాజీనామా ఇచ్చింది. భవిత పుణెకు వెళ్లిపోయింది. బాపిరాజు వీసా తీసి రప్పించుకున్నాడు.

వచ్చిన రోజున సామాన్లు విప్పుతూ, "నేను చదువుకున్నదానితో ఎవరికీ పనిలేదండీ," అంది. తర్వాత ఇక మాట్లాడటమే మానేసింది. కోపం కాదు, అలక కాదు. ఆయన ఏదైనా అడిగితే ఊఁ, ఊహూఁ. పుస్తకాలు తెచ్చుకుంది గానీ పెట్టెలోంచి తీయలేదు. కిటికీలోంచి ఎదుటి భవనం మీది ఏసీ డబ్బాలను చూస్తూ కూర్చునేది. సముద్రపుటొడ్డున షికారు తిరిగే కార్నిష్‌కు తీసుకెళ్తే సముద్రం వైపు వీపు పెట్టి కూర్చునేది. బాపిరాజు మాటకారి కాడు. ఆఫీసులో చెప్పుకోదగింది ఏదీ జరగదు. ఏ నంబరు డ్రాయింగు ఎవరికి వెళ్లిందో భోజనాల దగ్గర చెప్పి ఒకటి రెండుసార్లు చూశాడు. ఆమె లేచి గిన్నెలు తీసేసింది.

ఆ ఏడాది రంజాన్‌లో ఆఫీసు వేళలు తగ్గి ఆయన పెందరాళే ఇంటికొచ్చేవాడు. అలా వచ్చిన ఒక రోజు, తెరలు వేసుకుని భోంచేస్తుండగా, "నిన్న దివాన్‌గారి దగ్గర ఒక మాట దొరికిందే," అన్నాడు.

ఆమె పప్పు కలుపుకుంటోంది.

"ప్రతి ఉత్తరం పక్కనా పీ ఏ యూ అని రాసి ఉంది. పావు. పావు అన్నది ఎక్కడి మాట బాలా?"

పాఠం అడిగితే పలకకుండా ఉండలేని జాతి ఒకటుంది. "పాదం," అంది ఆమె. "సంస్కృతంలో పాదం. ప్రాకృతంలో దకారం జారిపోయి పావైంది. హిందీవాళ్లకీ మనకీ అక్కణ్ణుంచే వచ్చింది."

"మరి ఓడలెక్కి హవాయిదాకా వెళ్లి ఉండదంటావా?"

"మతి గాని పోయిందా మీకు?"

"ఎందుకు పోతుంది? పని ఎంతవరకు అయిందో రాసుకున్నాడు. మా ఆఫీసులో ఇరవై అయిదు శాతం, యాభై శాతం అని రాయమూ? ఇతనిదేమిటో అన్నీ పావు దగ్గరే ఆగిపోయాయి."

"ఆ దీవుల భాషలో వాళ్ల మాటేదో అయ్యుంటుందండీ."

"మోకు కూడా ఉందే."

"ఏంటీ?"

"మోకు. 'సాన్‌ఫ్రాన్సిస్కో నుంచి మోకు వచ్చింది, బొత్తాలు దిగాయి' అని రాశాడు."

"మోకంటే తాడు. తాడులోంచి బొత్తాలు దిగుతాయా? అది ఓడ అయ్యుంటుంది."

"ఓడకి తాడుండదా?"

"ఉంటే ఓడని తాడంటారా? మీ భుజమ్మీద తువ్వాలుంది. మిమ్మల్ని తువ్వాలా అని పిలవనా?"

"పిలువు. ఏదో ఒకటి పిలువు," అన్నాడు బాపిరాజు.

అలా మొదలైంది. వారం తిరక్కుండా దొరసాని వచ్చి పడింది. టైపు చేసినవాటిని అక్కడ ఒకావిడ సరిచూస్తుందట. కళ్లజోడుకు గొలుసు, ఒళ్లో పిల్లి. బాపిరాజు చూడకపోయినా అలాగే వర్ణించేవాడు. పావు అంటే నాలుగో వంతు అని ఆయన నోట్సు పెడితే ఆవిడ తీసేసిందట. ఆయన మళ్లీ పెట్టాడట. మీ దగ్గర ఆధారం ఏమిటని అడిగిందట.

"ప్రాకృతం సంగతి రాయకపోయారా?" అంది బాలామణి.

"నాకేం తెలుసు? నువ్వు చెప్పు, రాస్తాను."

ఆమె చెప్పింది. మర్నాడు ఇంకా చెప్పింది. పెట్టెలోంచి వ్యాకరణం పుస్తకాలు బయటికి వచ్చాయి. అవి చాలక, సెలవుకు వెళ్లిన జిలానీ చేత పెద్ద నిఘంటువు ఒకటి మోయించింది. "అక్కా, ఇది పుస్తకమా, తిరగలి రాయా?" అన్నాడతను దాన్ని బల్ల మీద దించుతూ. పొద్దున్న ఆయన బస్సెక్కగానే ఆమె కాగితం కలం పట్టుకుని కూర్చునేది. సాయంత్రం ఆయన చెప్పులు విప్పకముందే అడిగేది: "ఏమంది?"

"ఆలోచిస్తానంది."

"ఏం ఆలోచన! రెండు వారాలైంది."

ఒక్కోరోజు దొరసాని మెత్తబడేది. ఒక్కోరోజు వెటకారం చేసేది. 'మీకు ఈ సంగతులన్నీ ఎవరు చెబుతున్నారు?' అని అడిగితే మా ఆవిడ పండితురాలని రాశానని బాపిరాజు చెప్పిన రోజున బాలామణి గారెలు వేసింది. 'లోకంలో ప్రతి మాటా ఇండియాలోనే పుట్టిందంటారా?' అని దొరసాని అన్న రోజున కూర గిన్నె బల్ల మీద దబ్బున పెట్టి, "మీరంటే ఆవిడకి ఎందుకండీ అంత లోకువ?" అని అరిచింది. బాలామణికి తన వాదంలోని డొల్ల తెలియకపోలేదు. పావు అనే ధ్వని ఏ భాషలో ఉండకూడదు? కానీ ఎదుటివాళ్లు అంత తేలిగ్గా తీసిపారేస్తుంటే ఒప్పుకోబుద్ధి కాలేదు. తణుకు యాజమాన్యానికి చెప్పలేకపోయినవన్నీ ఆ దొరసానికి చెప్పింది. మూడేళ్లు చెప్పింది.

ఇప్పుడా నోట్సులన్నీ బాపిరాజు పేరుతో అచ్చుకు వెళ్లబోతున్నాయి. సగం తప్పు తనది. పేరు మాత్రం ఆయనది. ఆయన తీసేస్తానన్నాడు, తీయకుండా పోయాడు. ఆ పని ఇక తనది. అంతే ఆమె అనుకున్నది.

కంపెనీవాళ్లు లాప్‌టాప్ తీసుకుపోయారు. ఫోన్ ఉంది. దాని తాళం ఆమెకు తెలుసు. సైట్ నొక్కితే లాగిన్ పేజీ వచ్చింది. ఆయన పేరు దానంతటదే పడింది. పాస్‌వర్డు తెలియక, మరిచిపోయాను అని నొక్కితే, మీ మొబైల్‌కు పంపిన అంకెలు కొట్టండి అంది. ఆమె ఫోన్ వైపు చూస్తూ కూర్చుంది. అంకెలు రాలేదు. మళ్లీ నొక్కింది. రాలేదు. అప్పుడు గమనించింది, ఫోన్ పైమూల సిగ్నల్ గీతలు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆ నంబరు కంపెనీది. మనిషి పోయిన కబురు అందిన సాయంత్రమే కంపెనీ దాన్ని ఆపేసింది.

హెచ్ఆర్‌లో సాయికుమార్ అని హైదరాబాద్ కుర్రాడున్నాడు. ఫోన్ చేసింది.

"మేడమ్, సారీ ఫర్ యువర్ లాస్," అన్నాడు. ప్రతి ఫోనుకీ అలాగే మొదలుపెట్టేవాడు. "కానీ సిస్టమ్‌లో సార్ స్టేటస్ ఇనాక్టివ్ అయిపోయింది. నంబర్ రీయాక్టివేట్ చెయ్యాలంటే రియాద్ హెడ్డాఫీస్ అప్రూవల్ కావాలి."

"ఒక్క గంట చాలు నాయనా. అంకెలు రాగానే మళ్లీ ఆపేసుకోండి."

"వన్ అవర్ ఆప్షన్ ఉండదు మేడమ్. యాక్టివ్ ఎంప్లాయీకే లైన్ ఇస్తారు."

"ఆయన యాక్టివ్ ఎలా అవుతారు?"

"అదే మేడమ్. సిస్టమ్ కూడా అదే అడుగుతోంది."

పోనీ మొబైల్ షాపులో అడిగి చూడమన్నాడు, వెళ్లింది. కౌంటరులో హబీబ్ అనే నిజామాబాద్ మనిషి. తెలుగు వినగానే కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. పని మాత్రం కాలేదు.

"అమ్మా, గీ నంబర్ కంపెనీ పేరు మీదుంది. మీ పేరు మీద లేదు, సారు పేరు మీద గూడ లేదు. కంపెనీకెల్లి లెటర్ తెస్తెనే నా చేతుల ఉంటది."

"కంపెనీవాళ్లు మీ దగ్గరికి వెళ్లమన్నారు."

"గట్లనే అంటరు. నేను కంపెనీ కాడికి వొమ్మంటున్న గద. గిట్లనే తిరుగుతుంటది అమ్మా, ఏం జేస్తం."

మళ్లీ సాయికుమార్. లెటర్ కావాలంటే రిక్వెస్టు పెట్టాలి. రిక్వెస్టు పెట్టాలంటే ఉద్యోగి ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండటానికిచ్చే కార్డు, నంబరు కొట్టాలి. కొడితే, ఈ ఉద్యోగి రికార్డు మూసివేయబడింది అంటోంది కంప్యూటర్. తన ఇఖామా కొట్టమంది. ఆమె ఇఖామా ఆయన ఇఖామా కింద ఉంది. పైది మూతపడితే కిందది తెరుచుకోదు. రియాద్‌లో మేనేజరును, వాళ్ల ముదీర్‌ను, అడుగుతానన్నాడు. ముదీర్ బుక్రా అన్నాడట. బుక్రా అంటే రేపు. ఎన్నో రేపో మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ రాకపోకల్లో ఆమెకు బాపిరాజు మీద కోపం రావడం మొదలైంది. ఏడుపు రావలసిన చోటల్లా కోపం వచ్చి కూర్చుంది. దొరసానితో దెబ్బలాడటానికి మూడేళ్లు తీరిక దొరికిన మనిషికి సొంత నంబరొకటి కొనుక్కోవడానికి తీరిక దొరకలేదు. ఊళ్లో వాళ్ల డ్రాయింగులన్నిటికీ నకళ్లు తీసి దాచే మనిషి సొంత పాస్‌వర్డుకు నకలు తీయలేదు. అన్నేళ్లు తప్పు పట్టుకుని వేలాడి, సరిగ్గా పోయే ముందురోజు ఒప్పుకోవడం ఏమిటి? ఒప్పుకోకుండా పోయినా బాగుండేది. తప్పని తెలియకపోను, తనకీ అగచాట్లు లేకపోను.

జిలానీకి ఆ సంగతి సాయికుమార్ ద్వారా తెలిసింది. సాయంత్రం వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. రోజంతా ఎండలో తిరిగి మొహం నల్లబడింది.

"ఏందక్కా, నేనాడ బాపిరాజుగారి కోసరం ఆసుపత్రికీ పోలీసోళ్లకీ తిరగతాంటే, నువ్వీడ సిమ్ముకార్డు కోసరం తిరగతాండావంట?"

"లోపలికి రా ముందు."

"రాను. ఏంటికో సెప్పు."

ఆమె చెప్పింది. పావు సంగతి అతనికి కొంత తెలుసు. పూర్తిగా విని, నుదురు రుద్దుకున్నాడు.

"పావు అంటే ఏందో తప్పు రాసినాడనా? ఆ మాట ఎవురు సదవతారక్కా? ఆ దీవి యాడుందో నాకే తెలీదు."

"చదివేవాళ్లు చదువుతారు. శరీరం సంగతి నువ్వు చూస్తున్నావు జిలానీ. దానికి నీకు ఎన్ని దండాలు పెట్టినా చాలదు. ఇది ఎవరు చూస్తారు?"

"ఆయప్ప ఉంటే నవ్వుతాండె నిన్ను సూసి."

"ఉంటే నేనెందుకు తిరుగుతాను?"

జిలానీ చెప్పులు విప్పి లోపలికి వచ్చి కూర్చున్నాడు. మంచినీళ్లు తాగాడు. "సరే, మందూబ్‌కి సెప్పి సూస్తా," అన్నాడు. చెప్పాడు కూడా. మందూబ్ పెద్దమనిషి, బాపిరాజంటే గౌరవం. స్వయంగా రియాద్‌కు ఫోన్ చేశాడు. మళ్లీ బుక్రా.

సైట్‌వాళ్లకే రాద్దామని ఆమె ఒక మెయిల్ పంపింది. 'మీ మెయిల్ అందింది, మా వాలంటీర్లు వీలు చూసుకుని బదులిస్తారు' అని యంత్రం జవాబిచ్చింది. ఇక అక్కణ్ణుంచి ఉలుకూ పలుకూ లేదు. దొరసాని పేరైనా తెలిస్తే నేరుగా రాసేది. ఆయన ఎన్నడూ పేరు చెప్పలేదు, తనూ అడగలేదు. భవితకు చెబుదామని ఒకసారి నోటిదాకా వచ్చింది. "నాన్నని ఎప్పుడు తీసుకొస్తావమ్మా?" అని ఆ పిల్ల అడగడంతో మింగేసింది.

నెలాఖరు రెండు మూడు రోజుల్లోకి వచ్చేసింది. అప్పుడే కాగితాలు కూడా ఒక కొలిక్కి వచ్చాయి. విమానం ఖాయమైంది. శరీరంతో పాటు ఆమె కూడా వెళ్లిపోవాలి. ఆఖరి సంతకాలకు జిలానీ ఆమెను ధహ్రాన్ ఆఫీసుకు తీసుకెళ్లాడు.

సాయికుమార్‌ను చూడటం అదే మొదలు. ఫోన్‌లో గొంతు విని నిర్లక్ష్యపు మనిషి అనుకుంది. చూస్తే కళ్ల కింద నల్ల చారలు, బల్ల నిండా ఫైళ్లు. లేచి నిలబడి కుర్చీ జరిపాడు. ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో పసుపు చీటీలు అంటించి పెట్టాడు. ఆమె పెట్టుకుంటూ వెళ్లింది. ఆఖరిది అయ్యాక కలం మూత పెట్టి, అలాగే కూర్చుంది.

"మేడమ్, ఇంకేమైనా..."

"ఆ నంబరు."

అతను కణతలు నొక్కుకున్నాడు. "మేడమ్, నేను మూడుసార్లు ఎస్కలేట్ చేశాను. జెన్యూన్‌గా చెప్తున్నా, అవదు. అసలు ఆ ఓటీపీ దేనికి? బ్యాంకుకా?"

"బ్యాంకు కాదు."

"మరి?"

ఇన్ని ఫోన్లలో ఆ ప్రశ్న అతను అడగలేదు. ఆమె చెప్పలేదు. భర్త శవం ఆసుపత్రిలో పెట్టుకుని హవాయి రాజుగారి ఉత్తరాల కోసమని కొత్త మనిషికి ఎలా చెబుతుంది? ఇప్పుడు చెప్పింది. ముక్తసరిగా, గోడ వైపు చూస్తూ.

సాయికుమార్ సైట్ పేరు అడిగి కొట్టాడు. కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పాడు.

"దీనికి లాగిన్ ఎందుకు మేడమ్? ఎడిట్ చెయ్యాలంటే లాగిన్ కావాలి గానీ, చూడ్డానికి అక్కర్లేదు. పబ్లిక్ పేజీ ఇది. మీరు డైరెక్టుగా లాగిన్ లింకుకి వెళ్తున్నట్టున్నారు."

"చూడొచ్చా?"

"ఎవరైనా చూడొచ్చు. ఫస్ట్ ఏవేం నోట్సులున్నాయో చూద్దాం. లిస్టు పెట్టి డిలీట్ చెయ్యమని కంపెనీ మెయిల్ నుంచి రాస్తాను. అది నా చేతిలో పనే."

ఆమెకు ఆ కుర్రాడి మీద తిక్క రేగింది. తన మీద ఇంకా ఎక్కువ రేగింది. ఇన్నాళ్ల తిరుగుడు! కుర్చీ దగ్గరికి లాక్కుంది.

సాయికుమార్ వెతికే చోట బాపిరాజు పేరు కొట్టాడు. ఉత్తరాలు వరసగా వచ్చాయి. మొదటిది తెరిచాడు. ఎడమవైపు ఫొటో. ఊదారంగు సిరా, అలుక్కుపోయిన గీతలు. అంచున మూడు అక్షరాలు, పావు. ఆమె వాటిని చూడటం అదే మొదటిసారి. కుడివైపు టైపు చేసిన పాఠం. కింద: టైపు చేసినవారు, బాపిరాజు. దాని కింద నోట్స్ అని ఒక గడి. ఖాళీ.

"ఇందులో లేదు మేడమ్."

"తర్వాతది చూడు."

అందులోనూ అంచున పావు ఉంది. నోట్స్ ఖాళీ. ఆ తర్వాతది కాన్సల్‌గారి భార్య ఉత్తరం. ఖాళీ. బొత్తాలది ఖాళీ. కిటికీ పక్కన కూర్చున్నాయనది ఖాళీ.

"తీసేశారేమో," అంది బాలామణి. "ఆ రాత్రే కూర్చుని అన్నీ తీసేశారేమో."

"తీసేస్తే హిస్టరీలో కనిపిస్తుంది." అతను ఇంకో చోట నొక్కాడు. ఏ ఉత్తరం మీద ఎవరు ఎప్పుడు ఏం మార్చారో వరసగా ఉంది. టైపు చేశారు, సరిచూశారు, ఆమోదించారు. ప్రతిదానికీ ఆ మూడే వరసలు. పెట్టిన నోట్సు లేదు, తీసిన నోట్సు లేదు. అచ్చు సంగతి ఎక్కడైనా ఉందా అని వెతికాడు. సైట్‌లో ఎక్కడా అలాంటి మాట లేదు.

"వ్యాఖ్యలు అని ఒకటి ఉంది మేడమ్, ఫస్ట్ లెటర్ మీద. రెండే ఉన్నాయి."

"చదువు."

సాయికుమార్ చదివాడు. మొదటిది సరిచూసినవారిది. పేరు లేదు, సమీక్షకులు అని మాత్రమే ఉంది. అంచున ఉన్న మాట హవాయి భాషదని, పని పూర్తయింది అని దాని అర్థమని, మోకు అంటే ఓడ అని, ఇంకేమైనా సందేహాలుంటే అడగవచ్చని ఆ నాలుగు ముక్కలు. దాని కింద అదే రోజున బాపిరాజు జవాబు: నోటెడ్ విత్ థ్యాంక్స్.

ఆ తర్వాత ఆ మాట గురించి అక్కడ బాపిరాజు ఎవరికీ ఏమీ రాయలేదు. ఎవరూ ఆయనకు రాయలేదు.

"తేదీ ఎంతుంది?" అని అడిగింది బాలామణి.

సాయికుమార్ తెర మీదికి వంగి తేదీ చదివాడు, నెలతో, సంవత్సరంతో. ఆ రోజుకి ఆమె ఇంకా సౌదీకి రాలేదు. తణుకు కాలేజీలో తెలుగు చెబుతోంది.